బోరు నీళ్లలో పెట్రోలు వాసన

అనుమానం అలవాటైపోయిన ఉద్యోగం

నేల కింది నీళ్లు ఎంత లోతున ఉన్నాయో, ఎలా ఉన్నాయో చూసి రాయడం నా ఉద్యోగం. కర్నూలు, కడప జిల్లాల్లో ఆ పని చేస్తూనే జుట్టు నెరిసింది. కొత్తగా చేరిన పిల్లలు కనబడినప్పుడల్లా మా కాలంలో ఏ మిషన్లు వాడేవాళ్లమో, లెక్కలు ఎలా వేసేవాళ్లమో అడుగుతుంటారు. ఆ మిషన్లు ఇప్పుడు లేవు, లెక్కలు కంప్యూటరే వేసేస్తోంది. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ల గొడవలు ఏ ఆఫీసులోనైనా ఉండేవే. అవన్నీ వదిలేస్తాను.

నేను చెప్పదలచుకున్నది వేరే. నేల లోపల జరిగేది ఎవరికీ కనబడదు. కనబడదు కాబట్టి ప్రతివాడూ తనకు పనికొచ్చేట్టు చెబుతాడు. బోరు వేసినవాడు లోతు ఎక్కువ చెబుతాడు, వేయించుకున్నవాడు నీళ్లు తక్కువ చెబుతాడు, పక్క పొలం ఆసామి ఇద్దరూ అబద్ధమే అంటాడు. కొన్నేళ్లు ఇలా వింటూ పోతే ఎవరి మాటా చెవికి ఎక్కదు. నాకూ అలాగే అయింది. ఒకాయన తన బావి గురించి చెబుతుంటే, ఈయన ఈ మాట ఎందుకు చెబుతున్నాడా అని ఆలోచించేవాణ్ణి తప్ప, ఏం చెబుతున్నాడో సగమే వినేవాణ్ణి.

ఆ అలవాటు వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో రాస్తాను. రెండువేల దశకం మొదట్లో, వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లలో జరిగిన సంగతి. మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు రాయను. కర్నూలు నుంచి బేతంచెర్ల వైపు పోయే దారిలో ఉందంటే చాలు.

మాబున్ని తెచ్చిన సీసా

ఒక సోమవారం పొద్దున మాబున్ని అనే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. రోడ్డు పక్కన రేకుల కొట్టంలో హోటలు నడిపేది. నాపరాళ్ల లోడుతో పోయే లారీ డ్రైవర్లు అక్కడ ఆగి ఉగ్గాని, బజ్జీలు తిని టీ తాగి పోయేవాళ్లు. భర్త చనిపోయాక హోటలంతా ఆవిడే చూసుకుంటోంది. చేతిలో తడిగుడ్డ చుట్టిన గాజు సీసా ఉంది. కూల్‌డ్రింకు సీసా. మూతి దాకా నీళ్లు నింపి, బిరడా గట్టిగా బిగించి తెచ్చింది.

"మా బోరు నీళ్లు పెట్రోలు వాసన వస్తాండాయి సార్. టీలో ఏం కలుపుతాండావని డ్రైవర్లు అడుగుతాండారు" అంది.

బిరడా తీసి వాసన చూశాను. నిజమే, పెట్రోలు వాసన తెలుస్తోంది. ఎప్పటి నుంచి అని అడిగాను. రెండు నెలలైందని చెప్పింది. హోటలుకు ఎదురుగా, రోడ్డుకు అవతల రెండు వందల అడుగుల దూరంలో పెట్రోలు బంకు ఉందనీ, అక్కణ్ణుంచే వస్తోందని తన అనుమానమనీ చెప్పింది. వచ్చి చూస్తానని చెప్పి పంపించాను. ఆవిడ గేటు దాటాక ఆ సీసాలోని నీళ్లు తీసుకుపోయి వాష్‌బేసిన్‌లో పోశాను.

ఎందుకు పోశానంటే, అంతకు రెండేళ్ల ముందు కడప జిల్లాలో ఒక రైతు తన బావిలో తానే కిరసనాయిలు పోసుకుని, గట్టు తగాదా ఉన్న పక్కవాడి మీద ఆ నేరం పెట్టాడు. మేం నెలరోజులు తిరిగాక ఆ రైతు అన్నే నిజం చెప్పాడు. అప్పటి నుంచి ఎవరైనా నీళ్లు తామే పట్టి తెస్తే నేను నమ్మేవాణ్ణి కాదు. ఈ సీసాలో కూడా ఆవిడ ఏం కలిపిందో ఎవరు చూశారు అనుకున్నాను.

బంకు, షెడ్డు, హోటలు

ఆ శుక్రవారం జీపులో వెళ్లాను. రోడ్డుకు ఉత్తరం పక్క బంకు. దక్షిణం పక్క మాబున్ని హోటలు, దానికి ముప్పై అడుగుల దూరంలో ఓబులేసు అనే అతని లారీ మెకానిక్ షెడ్డు. అంతే, చుట్టూ బీళ్లు.

ముందు బంకుకే వెళ్లాను. యజమాని శెట్టిగారు, నాలుగు తరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. మనిషి మెత్తగా మాట్లాడతాడు. నన్ను చూడగానే ఫ్యాను కింద కుర్చీ వేయించి, చల్లటి మజ్జిగ తెప్పించాడు. అంత మర్యాద చూస్తే నాకు మామూలుగా అనుమానం రావాలి. కాస్త వచ్చింది కూడా. కానీ ఆయన వెంటనే నన్ను బంకు వెనక్కి తీసుకుపోయి, తన బోరు మోటారు వేయించాడు.

"మీరే వాసన చూడండి సార్. మా ట్యాంకులకు పదడుగుల దూరం గూడ లేదు ఈ బోరు. మా పెట్రోలు కారతాంటే ముందు ఈడ రావల్ల గదా" అన్నాడు.

దోసిట్లో పట్టి చూశాను. ఏ వాసనా లేదు. తాగి కూడా చూశాను. మంచి నీళ్లు. దాంతో నా అనుమానం అక్కడికక్కడే దిగిపోయింది. మళ్లీ వచ్చి కూర్చున్నాక శెట్టిగారు చెప్పకూడనిది చెబుతున్నట్టుగా గొంతు తగ్గించి, లారీలు నిలుపుకోవడానికి మాబున్ని స్థలం తాము అడిగామనీ, ఆవిడ ఇవ్వనందనీ, అప్పటి నుంచి తమ మీద కోపంగా ఉందనీ చెప్పాడు. కిరసనాయిలు రైతు గుర్తొచ్చాడు నాకు.

తర్వాత షెడ్డుకు వెళ్లాను. నేలంతా నల్లగా, ఆయిలు తాగి ఉంది. ఓబులేసు లారీ కింద పడుకుని పని చేస్తున్నాడు. నేనెవరో చెప్పినా బయటికి రాలేదు. ఇంజన్లలోంచి తీసిన పాత ఆయిలు ఎక్కడ పోస్తావని అడిగితే, కింద నుంచే జవాబు చెప్పాడు.

"డబ్బాల్లో పట్టి అమ్ముకుంటా సార్. నేల మీద పోసుకునేదానికి నాకేమన్నా పిచ్చా?"

డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. నాకు చూపించడానికే పేర్చాడేమో అనిపించింది. సామాన్లు కడగడానికి పెట్రోలు, డీజిలు వాడతానని దాచకుండా ఒప్పుకున్నాడు. వెనక ఒక చిన్న గుంట, అందులో నల్లటి బురద. నాకు కావలసింది దొరికింది.

హోటలు బోరు దగ్గర, బంకు బోరు దగ్గర ప్లాస్టిక్ సీసాల్లో నీళ్లు పట్టుకున్నాను. సీసాల్లో పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. వాటిని జీపు వెనక పడేసి, అటు నుంచి ఇంకో రెండు ఊళ్లు చూసుకుని మూడో రోజు ల్యాబ్‌కు చేర్చాను. ఆ మూడు రోజులూ ఎండ ఎలాంటిదో కర్నూలు వాళ్లకు చెప్పక్కర్లేదు. రెండు సీసాల్లోనూ చెప్పుకోదగ్గది ఏమీ లేదని ల్యాబ్ వాళ్లు రాశారు.

నా రిపోర్టు ఒక పేజీ. బంకుకు సంబంధం కనబడలేదని రాశాను. హోటలు బోరులో వాసనకు కారణం పక్కనున్న మెకానిక్ షెడ్డు నుంచి ఇంకిన ఆయిళ్లు "అయి ఉండవచ్చు" అని రాశాను. ఒక కాపీ పంచాయతీకి పోయింది.

అయి ఉండవచ్చు అనే మాట

ఆఫీసు రిపోర్టులో "అయి ఉండవచ్చు" అని రాస్తే చదివేవాళ్లకు "అయింది" అనే కనబడుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పదిహేను రోజుల్లో పంచాయతీ వాళ్లు షెడ్డు పీకించేశారు. ఆ స్థలం ఓబులేసుది కాదు, పోరంబోకు. తాగే నీళ్లు పాడు చేశాడని కాగితం ఉంది కాబట్టి అతనికి ఎదురు మాట్లాడే వీలు లేకపోయింది.

నెల తర్వాత మాబున్ని మళ్లీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి సీసా తేలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఓబులేసును పంపించేసినారు. వాసన పోలేదు, ఇంకా ఎక్కువైంది. ఇప్పుడెవర్ని పంపిస్తారు సార్?" అంది.

మర్నాడే వెళ్లాను. హోటల్లో బేరం లేదు. పొయ్యి మీద ఒక్క గిన్నే ఉంది. నా బుర్రలో ఏముందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. షెడ్డు పోయినా వాసన పోలేదంటే, ఈవిడే పోస్తోందన్న మాట అనుకున్నాను. ఆ మాట మెత్తగా అడిగే పద్ధతి కూడా తెలియలేదు. బోరులో మీరే ఏమైనా పోస్తున్నారా అని మొహం మీదే అడిగేశాను.

ఆవిడ చేతిలోని గరిటె కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"నా మనవరాలికి ఈ నీళ్లే తాపినా సార్, ఏమో తెలీక. దానికి వాంతులైతే ఆస్పత్రికి ఎత్తుకుపోయినా. నేనే పోసుకుంటానా?" అంది. తర్వాత, "రాండి, ఒకటి చూపిస్తా" అని లోపలికి పిలిచింది.

పొయ్యి వెనక సున్నం గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు వరసలు వరసలుగా ఉన్నాయి. రోజుకొక నిలువు గీత. కొన్నిటి మీద అడ్డంగా ఇంకో గీత. వాసన పెరిగిన రోజున అడ్డగీత గీస్తానని చెప్పింది. ట్యాంకరు వచ్చి బంకులో పెట్రోలు దించిన మర్నాడే అడ్డగీత పడుతోందనీ, రెండు మూడు రోజులు పోయాక తగ్గుతోందనీ చెప్పింది.

"నాకు సదువు లేదు సార్. గీతలు గీసేది వస్తాది" అంది.

అప్పుడైనా నమ్మానా అంటే, లేదు. ఈ గీతలన్నీ నిన్న కూర్చుని ఒక్కసారే గీసి ఉండొచ్చు కదా అనిపించింది. దగ్గరికి పోయి చూశాను. పాత వరసల మీద పొయ్యి పొగ మసి పట్టి, గీతలు లోపలికి దిగిపోయినట్టు మసక మసకగా ఉన్నాయి. కొత్త వరసలకు వచ్చే కొద్దీ మసి తక్కువ, గీత స్పష్టం. అది ఒక్కరోజులో గీసే పని కాదు. ఆ రోజు నుంచి వెనక్కి ఒక్కొక్క గీతా లెక్కపెట్టి, తేదీలు వేసి నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను.

బయటికి వచ్చి బంకులోకి వెళ్లాను. శెట్టిగారు లేరు. మేనేజరు నాగరాజు ఉన్నాడు. ట్యాంకులోకి కడ్డీ దించి పెట్రోలు ఎంత ఎత్తు ఉందో రోజూ కొలిచేది అతనే. జీపులో పెట్రోలు పోయించుకుంటూ, ట్యాంకర్లు ఏయే రోజుల్లో వచ్చాయని మాటల మధ్యలో అడిగాను. ఎందుకు అడుగుతున్నానో తెలియక పుస్తకం చూసి గడగడా చెప్పేశాడు. జీపులో కూర్చుని నోట్‌బుక్ తీసి పోల్చుకున్నాను. ఒక్కటి తప్ప అన్ని అడ్డగీతలూ ట్యాంకరు మర్నాడే ఉన్నాయి. ఆ ఒక్కటి రెండో రోజున ఉంది.

పెద్ద సారు మీద అనుమానం

ఆ వారమే రెండో రిపోర్టు రాశాను. బంకు ట్యాంకులు తవ్వి చూడాలని అందులో కోరాను. మా పెద్ద సారు, ఆయన్ని రామ్మూర్తి గారు అందాం, దాన్ని చదివి సొరుగులో పెట్టుకున్నారు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. అడిగితే, చూద్దాంలే అన్నారు.

మూడో వారంలో నేను మెట్లెక్కుతుంటే, శెట్టిగారు సారు గదిలోంచి బయటికి వస్తూ ఎదురయ్యాడు. నమస్కారం పెట్టి దిగిపోయాడు. ఇంకేం కావాలి నాకు? సారు అమ్ముడుపోయాడని తేల్చేసుకున్నాను. నాలో పెట్టుకోకుండా క్యాంటీన్‌లో ఇద్దరికి చెప్పాను కూడా. ఆ తర్వాత ఆయన ఏదైనా అడిగితే ముక్తసరిగా జవాబు చెప్పేవాణ్ణి.

నెల దాటాక ఆయన నన్ను పిలిచారు. బల్ల మీద నా రిపోర్టులు రెండూ ఉన్నాయి. మొదటిసారి శాంపిలు ఏ సీసాలో పట్టినావని అడిగారు. చెప్పాను. పైన ఖాళీ ఉంచినావా అని అడిగారు. ఉంచానన్నాను. ఎన్ని రోజులకు ల్యాబ్‌కు ఇచ్చినావు, ఆ రోజుల్లో జీపు ఎక్కడ నిలిపినావు అని అడిగారు. అడుగుతుంటేనే నాకు అర్థమైంది. పెట్రోలు ఎండలో ఎగిరిపోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. సీసాలో గాలికి చోటిచ్చి, మూడు రోజులు మే నెల ఎండలో తిప్పి, పెట్రోలు లేదని తేల్చాను నేను.

"ఆమె మొదటి రోజు సీసా తెచ్చిందంటివే, అదేమైంది?" అన్నారు.

పారబోశానని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎలాంటి సీసా అని అడిగితే చెప్పాను, గాజు సీసా, మూతి దాకా నీళ్లు, గట్టి బిరడా, పైన తడిగుడ్డ అని. "ఇంతవరకూ సరిగ్గా పట్టిన శాంపిలు అదొక్కటే" అన్నారు.

ఆ నెలరోజులు ఆయన ఏం చేశారో అప్పుడు చెప్పారు. గోడ మీద గీతలు చూపించి ట్యాంకులు తవ్వమంటే ఎవరూ తవ్వరనీ, బంకు తరఫు వకీలు నా మొదటి రిపోర్టునే తీసి చూపిస్తాడనీ ఆయనకు తెలుసు. అందుకని నీళ్లలో పెట్రోలును సరిగ్గా పరీక్ష చేసే ల్యాబ్ ఎక్కడుందో కనుక్కుని, ఉత్తరాలు రాసి, గాజు సీసాలూ ఐసు పెట్టెలూ తెప్పించారు. బంకు బోరు మూత తీసి చూడటానికి ఒప్పుకొమ్మని శెట్టిగారిని పిలిపించింది కూడా ఆయనే. క్యాంటీన్‌లో నేను అన్న మాట ఆయన దాకా పోయే ఉంటుంది. ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ క్షమాపణ చెప్పలేదు. ఆయన పోయారని తెలిసిన రోజున ఆ సంగతే మనసులో మెదిలింది.

బోరు మూత తీసిన రోజు

సారు, నేను, డ్రైవరు కలిసి బంకుకు వెళ్లాం. శెట్టిగారు మళ్లీ కుర్చీలు వేయించాడు. సారు కూర్చోలేదు. సరాసరి బోరు దగ్గరికి నడిచి ఎండలో నిలబడ్డారు. మూత బోల్టులు తుప్పు పట్టాయి, తీసే స్పానర్లు తమ దగ్గర లేవు, ఇంకో రోజు పెట్టుకుందామని శెట్టిగారు అన్నాడు. నేను రోడ్డుకు అవతల చూశాను. అన్ని సైజుల స్పానర్లూ ఉన్న మనిషి మొన్నటిదాకా అక్కడే ఉండేవాడు. మేమే పంపించేశాం. చివరికి మా డ్రైవరు జీపు సామాన్లతో అరగంట తిప్పలు పడి మూత తీశాడు.

మోటారుతో పట్టే నీళ్లు వద్దన్నారు సారు. సన్నటి, పారదర్శకమైన గొట్టం ఒకటి తెచ్చారు. అడుగున చిన్న మూత, పైన తాడు. దాన్ని బెయిలర్ అంటారు. దాన్ని కేసింగ్ పైపులోకి మెల్లగా దించి, నీళ్ల పైభాగం తగలగానే ఆపమన్నారు. తాడు నా చేతిలోనే ఉంది. గొట్టం నీళ్లకు తాకినప్పుడు తాడు కాస్త వదులైంది. ఆపి, పైకి లాగాను.

గొట్టం అడుగు భాగంలో తేటనీళ్లు. వాటి మీద రెండు వేళ్ల మందాన నారింజ రంగు ద్రవం తేలుతోంది. ఎవరూ ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. వాసన మా చుట్టూ నిండిపోయింది. బంకులో పని చేసేవాళ్లలో ఒకతను దూరంగా పోయి బీడీ ఆర్పేసి వచ్చాడు.

పెట్రోలు నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. శెట్టిగారి మోటారు రెండు వందల అడుగుల లోతున ఉంది. అది అడుగు నీళ్లు తోడుతుంది. అందుకే నేను దోసిట్లో పట్టి తాగిన నీళ్లు అంత బాగున్నాయి. మాబున్ని బోరు లోతు తక్కువ. కరువులో నీటిమట్టం దిగిపోయి, ఆవిడ మోటారు పైపైన ఉన్న నీళ్లనే లాగుతోంది. మధ్యలో నేలకేమీ కాకుండా పెట్రోలు అంతదూరం ఎలా పోయిందంటే, మన దిక్కు నేల కింద ఉండేది నాపరాయి. దాన్నిండా పగుళ్లు. నీళ్లయినా పెట్రోలయినా ఆ పగులు ఎటు పోతే అటే పోతాయి. ఇవన్నీ నేను పరీక్షలు రాసి పాసైన విషయాలే.

శెట్టిగారు గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఇది మాదేనా సార్?" అన్నాడు. సారు గాజు సీసాలు బయటికి తీయమన్నారు.

ఈసారి గాజు సీసాలు నిండా పట్టి, ఐసులో పెట్టి, సాయంత్రానికల్లా బండెక్కించాం. ఫలితం వచ్చాక బంకు ఆపించి తవ్వారు. ట్యాంకరు నుంచి పెట్రోలు దించే పైపు భూమిలోని ట్యాంకును కలిసే చోట, కీలు తుప్పు పట్టి చిల్లు పడింది. ట్యాంకు నిండుగా ఉన్న రెండు మూడు రోజులే అది కారేది. మట్టం తగ్గితే ఆగిపోయేది. మాబున్ని గోడ మీద ఉన్నది అదే.

తెలుసా, తెలియదా

శెట్టిగారికి ముందే తెలుసా? నన్ను చాలామంది అడిగారు. తవ్విన రోజున నాగరాజును పక్కకు పిలిచి అడిగాను.

"కొల తక్కువ వస్తాందని రెండు మార్లు చెప్పినా సార్. ఎండకు ఆవిరైపోతాంది లేప్పా అన్యాడు శెట్టి. నేనూ అట్లే అనుకున్యా" అన్నాడు.

ఎండలకు కొంత ఆవిరి కావడం అబద్ధం కాదు. కాబట్టి శెట్టిగారు అబద్ధం చెప్పాడని నేను రాయలేకపోయాను. తనకు అనుకూలంగా ఉన్న సమాధానం దొరికితే దాని వెనక ఏముందో చూడనక్కర్లేదనుకునే మనిషి అని మాత్రం చెప్పగలను. ఆ లెక్కన నేనూ అలాంటివాణ్ణే. తేడా ఏమిటంటే, చూడటానికి నాకు జీతమిచ్చేవాళ్లు.

ట్యాంకులు మార్చారు. దూరంగా ఇంకో బోరు వేసి మాబున్ని హోటలుకు పైపు వేయించమని అధికారులు శెట్టిగారికి చెప్పారు, వేయించాడు. ఆవిడ స్థలం మాత్రం అమ్మలేదు. డ్రైవర్లు మెల్లగా మళ్లీ ఆగడం మొదలుపెట్టారు. మాబున్ని పాత బోరులోంచి పెట్రోలు తోడించాం, నెలల తరబడి పరీక్షలు చేశాం. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ నీళ్లు తాగడానికి పనికి రాలేదు. నేలలోకి దిగిందాన్ని పైకి తేవడం ఎంత కష్టమో ఆ బోరు దగ్గరే చూశాను.

కొత్తగా చేరేవాళ్లకు సీసాల సంగతి ఇప్పుడు ట్రైనింగులోనే చెబుతారు. నేను చెప్పేది ఇంకొకటి. అనుమానించండి, తప్పులేదు, అది లేకపోతే ఈ పని చేయలేరు. కానీ మీ అనుమానం మొదట ఎవరి మీదికి పోతోందో గమనించుకోండి. నాది కుర్చీ వేసిన శెట్టిగారి మీద ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. లారీ కింద నుంచి లేవకుండా జవాబు చెప్పినవాడి మీద, చదువు రాని ఆడమనిషి మీద నెలల తరబడి నిలిచింది. వాళ్ల మాటలో నాకు ఏ తప్పూ దొరకలేదు. వాళ్లు నాకు మర్యాద చేయలేదు, అంతే.

ఓబులేసు అడిగింది

కొన్నేళ్లకు నన్ను కడపకు వేశారు. ఒకసారి ఎర్రగుంట్ల దారిలో జీపు చెడిపోయి ఆగిపోయింది. రోడ్డు పక్కన నాలుగైదు లారీ షెడ్లున్నాయి. డ్రైవరు వెళ్లి మెకానిక్‌ను పిలుచుకొచ్చాడు. వచ్చినవాడు నా మొహం చూడగానే ఆగిపోయాడు. ఓబులేసు.

బానెట్ ఎత్తి పని మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడి, తప్పు బంకుదని తర్వాత తేలిందని చెప్పాను. తెలుసన్నాడు. ఆ ఊరి డ్రైవర్లు చెప్పారట. నా వల్ల నీకు అన్యాయం జరిగింది ఓబులేసూ అన్నాను. అతను చేతులు ఆపలేదు.

"ఊరంతా నీళ్లు పాడుచేసినోడు అన్యారు సార్. మా అత్తగారి ఊర్లో గూడ అదే మాట. మా బామ్మర్ది నాతో మాట్లాడేది మానేసినాడు" అన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు. "బంకుదని రాసినారంట గదా. నాది కాదని యాడన్నా రాసినారా?"

రాయలేదు. తవ్విన తర్వాత రాసిన రిపోర్టులో బంకు పైపు గురించి అంతా ఉంది. మొదటి రిపోర్టు తప్పు అన్న వాక్యం ఎక్కడా లేదు. మా ఆఫీసుల్లో అలాంటి వాక్యం రాయరు. కొత్త కాగితం వస్తే పాతది దానంతటదే పోయినట్టు లెక్క. పంచాయతీ బీరువాలో మాత్రం ఓబులేసు పేరున్న కాగితం అలాగే ఉంది.

ఆ వారమే రాయడానికి కూర్చున్నాను. ఉద్యోగంలో వందల రిపోర్టులు రాశాను కానీ ఆ నాలుగు లైన్లకు పట్టినంత సమయం దేనికీ పట్టలేదు. ముందు "పొరపాటు జరిగి ఉండవచ్చు" అని రాశాను. కొట్టేశాను. "తగిన ఆధారాలు లేకపోవడం వల్ల" అని మొదలుపెట్టాను. అదీ కొట్టేశాను. చివరికి ఉన్నది ఉన్నట్టు రాసి, ఒక కాపీ ఆ పంచాయతీకి పంపి, ఇంకోటి తీసుకుని ఎర్రగుంట్ల దారిన వెళ్లాను.

ఓబులేసు వేస్టు గుడ్డతో చేతులు తుడుచుకుని, కాగితం అంచులు పట్టుకుని చూశాడు. కింద ఉన్నది నా సంతకమేనా అని అడిగాడు. నాదేనన్నాను. షెడ్డులో పని చేస్తున్న మరో ఇద్దరు మెకానిక్కులను దగ్గరికి పిలిచాడు. టైరుకు గాలి పట్టించుకోవడానికి ఆగిన లారీ డ్రైవరు కూడా వచ్చి నిలబడ్డాడు. కాగితం నా చేతికి తిరిగిచ్చాడు.

"కొంచెం గట్టిగా సదవండి సార్."

చదివాను. హోటలు బోరు నీళ్లు పాడవడానికి ఓబులేసు షెడ్డు కారణం కాదని, శాంపిలు సరిగ్గా పట్టకుండా, సరిగ్గా విచారించకుండా నేను రాసింది తప్పని, ఆ తప్పు పూర్తిగా నాదని. కంప్రెసరు చప్పుడు చేస్తోంది. ఒకతను వెళ్లి దాన్ని ఆపి వచ్చాడు.

"ఇంకోసారి సదవండి" అన్నాడు ఓబులేసు.

మళ్లీ మొదటి నుంచి చదివాను.